మంత్రిగారి సూపు మీద నా ప్రార్థన

దుబాయ్ హోటళ్లలో విందు హాళ్ల కెప్టెన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను అడుగుతుంటారు, అంత పెద్దపెద్దవాళ్లకి వడ్డించారు కదా, వాళ్ల దగ్గర ఏం నేర్చుకున్నారు అని. నిజం చెప్పాలంటే ఎవరికి ఉప్పు తగ్గించాలో, ఎవరికి నిమ్మకాయ పక్కన పెట్టాలో నేర్చుకున్నాను. అంతకు మించి ఏదైనా నేర్చుకున్నానంటే, అది ఒక విదేశాంగ మంత్రి ముందు పెట్టాల్సిన సూపు చల్లారిపోయిన రోజున. చల్లార్చింది నేనే.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాయన కృష్ణా తీరంలో ఒక చిన్న క్రైస్తవ సంఘానికి ఉపదేశి. అక్షరాలు దిద్దకముందే నాకు వాక్యాలు కంఠతా వచ్చాయి. దుబాయ్ వచ్చాక కూడా సంఘాన్ని వదల్లేదు. ఇక్కడ చర్చి ఆవరణలో ఒక్కొక్క హాలును ఒక్కొక్క భాషవాళ్లు వంతులేసుకుని వాడుకుంటారు. మాకు ముందు మలయాళీలు, మా తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్లు. మేము ఆఖరి పాట అందుకునేసరికి వాళ్లు గిటార్లతో తలుపు దగ్గర నిలబడి ఉంటారు. బుధవారం మాత్రం కూడిక మా ఇంట్లోనే, ఇంటర్నేషనల్ సిటీ ఫ్లాట్‌లో. వాక్యం చెప్పేది నేను. ధైర్యం గురించి బాగా చెబుతానని పేరుండేది. సింహాల గుహ, అగ్నిగుండం, రాజుల ముందు వంగని మోకాళ్లు నా ప్రత్యేకత. ఏసీ కింద కూర్చుని నేను సింహాల గురించి చెబుతుంటే వినేవాళ్లకి ఒళ్లు జలదరించేది. సింహాలు అంత దగ్గర్లో లేవు కాబట్టి నాకు మాత్రం ఏమీ అయ్యేది కాదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పెద్ద విందుల్లో ముఖ్యుల బల్ల దగ్గర ఒక్కొక్క అతిథి వెనక ఒక్కొక్క వెయిటర్ వడ్డన పట్టుకుని నిలబడతాడు. ఎవరూ ఒకరికన్నా ముందు పెట్టకూడదు. ప్రధాన అతిథి వెనక కెప్టెన్ ఉంటాడు. అతను తల ఊపగానే అందరూ ఒకేసారి వంగి పెట్టాలి. చూసేవాళ్లకి అదొక నాట్యంలా ఉంటుంది. తల ఊపే ముందు నేను కళ్లు మూసుకుని, చేతిలోని భోజనం కోసం, దాన్ని తినబోయే మనిషి కోసం మనసులో ఒక ప్రార్థన చేసుకునేవాణ్ణి. రెప్పపాటు. ఎవరికీ తెలిసేది కాదు.

ఇంతలో కరోనా వచ్చింది. విందులు ఆగిపోయి, మళ్లీ మొదలయ్యేసరికి మా అందరి ముఖాలకీ మాస్కులు. అందరూ ఊపిరాడటం లేదని ఏడుస్తుంటే నాకు అందులో ఒక సౌకర్యం కనబడింది. మాస్కు వెనక పెదాలు కదిపితే ఎవరు చూస్తారు? మనసులో ఉన్న ప్రార్థన పెదాల మీదికి వచ్చింది, పెదాల నుంచి గొంతులోకి దిగింది. రెప్పపాటు కాస్తా సాగింది. ఆ విరామానికి నా వెయిటర్లు ‘అంకుల్ బ్రేక్’ అని పేరు పెట్టుకున్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చివరికి మాస్కులు తీసెయ్యమన్నారు. తీసేశాను. ఆ సంగతి నా పెదాలకి ఎవరూ చెప్పలేదు.

మాస్కులు పోయిన కొన్నాళ్లకే కబురొచ్చింది, ఒక కమ్యూనిస్టు దేశపు విదేశాంగ మంత్రి వస్తున్నారు, వ్యాపారులతో మధ్యాహ్న భోజనం మా హాల్లో అని. ఏ దేశమో నేను చెప్పను, మీరు ఊహించి అడిగినా అవునని అనను.

వచ్చే అతిథి గురించి తెలుసుకోవడం మా పనిలో భాగం. ఏం తింటారు, ఏం ముట్టరు, వేడినీళ్లా చల్లనీళ్లా. నేను అక్కడితో ఆగలేదు. బస్సులో వస్తూ పోతూ ఫోన్లో ఆయన జీవితమంతా చూశాను. ఓడరేవులో బస్తాలు మోసిన కూలీ కొడుకు. భాషలు చదువుకుని విదేశాంగ శాఖలో దుభాషిగా చేరాడు. పాత ఫోటోల్లో ఇద్దరు నాయకులు చేతులు కలుపుతుంటే వాళ్ల వెనక సందులో ఒక చెవి, సగం చెంప కనబడతాయి. ఆ చెవి ఈయనదే. ఏళ్ల తరబడి ప్రపంచానికి ఆయన అంటే ఆ చెవే. తర్వాత రాయబారి అయ్యాడు, ఉపమంత్రి అయ్యాడు, మెల్లగా ఫోటో మధ్యలోకి వచ్చాడు. మధ్యలోకి వచ్చాక ముఖం రాయి అయింది. విలేకరులు ఏం అడిగినా రెప్ప కదలదు. నవ్వడం రాదని గిట్టనివాళ్లు వెక్కిరిస్తారు. ఎవరికీ లొంగడని సొంత దేశంవాళ్లు అదే ముఖాన్ని బొమ్మలు గీసి గోడలకి అంటించుకుంటారు. అవతలివాడు చాచిన చేతిని చూసి కూడా అందుకోకుండా వెళ్లిపోయిన వీడియో ఒకటుంది. దాన్ని నేను మళ్లీ మళ్లీ చూశాను.

నాకు ఆ ముఖంలో కనబడింది ఒక్కటే: దేవుణ్ణి ఎరగని కఠిన హృదయం. బుధవారం కూడికలో అదే చెప్పాను. ప్రభువు ఈ మనిషిని ఇన్ని దేశాలు తిప్పి నా పళ్లెం ముందుకి తెస్తున్నాడంటే ఊరికే కాదన్నాను. సంఘం ఉపవాస ప్రార్థన పెట్టింది. ఒక సహోదరి కన్నీళ్లు పెట్టుకుంది. అందరూ వెళ్లాక మా ఆవిడ గ్లాసులు తీస్తూ, “ఆయన భోజనానికి వస్తున్నాడండీ, బాప్తిస్మానికి కాదు. సూపు ఒలకకుండా చూసుకోండి చాలు” అంది.

హోటల్లో ఆ మంత్రి కోసం ఎదురుచూసినవాడు ఇంకొకడు ఉన్నాడు. వంటింటి వెనక గిన్నెలు కడిగే విభాగానికి సూపర్‌వైజర్. కరీంనగర్ వైపు మనిషి, జెబెల్ అలీ కార్మికుల క్యాంపులో ఉంటాడు. కుర్రతనంలో ఎర్రజెండా పట్టుకుని ఊరేగింపుల్లో పాటలు పాడినవాడు. దేవుడంటే నమ్మకం లేదు. అతనికీ నాకూ రోజూ టీ దగ్గర యుద్ధం, టీ మాత్రం ఒకే ఫ్లాస్కులోది. భోజనానికి కలిసి కూర్చుంటే నేను అతని డబ్బా మీద కూడా కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాణ్ణి. “అన్నా, నా పప్పు సల్లగైతాంది. జెల్ది కానియ్యి మీ ఆయనతోని ముచ్చట” అనేవాడు.

మంత్రి వస్తున్నాడని తెలిసిన రోజున అతని నడకే మారిపోయింది. “హమాలి కొడుకు అన్నా గాయన. బస్తాలు మోసిన ఇంట్ల పుట్టి ఇయ్యాల గంత పెద్ద దేశాలను నిలబెట్టి అడుగుతుండు. నువ్వు రాయి అంటున్నవ్, గది మా ముఖం.”

ఆ ముఖాన్నే మెత్తబరచమని మేము ఉపవాసం ఉంటున్నాం అన్నాను.

“ఉండుర్రి. మెత్తగైనంక నాకు గూడ జెర సూపెట్టు. నన్నయితే గా హాల్లకు రానియ్యరు గద.”

అది నిజం. గిన్నెల విభాగంవాళ్లు అతిథుల కంట పడకూడదు. అతనికి కావలసింది ఆయన్ని ఒక్కసారి కళ్లారా చూడటం, నాకు కావలసింది ఆయన ఆత్మ. ఇద్దరిలో ఎవరిది అత్యాశో అప్పుడు నాకు తోచలేదు.

విందుకి ముందురోజు మా ముదీర్ అందరినీ నిలబెట్టి మాట్లాడాడు. లెబనాన్ మనిషి, బాంక్వెట్ మేనేజర్. మామూలుగా నవ్విస్తూ మాట్లాడతాడు. ఆ రోజు నవ్వించలేదు. రేపు ఎవరి వల్ల ఏ చిన్న మాట వచ్చినా ఖలాస్, పాతవాడైనా కొత్తవాడైనా సాయంత్రానికి యూనిఫాం తిరిగి ఇచ్చెయ్యాలి అన్నాడు. ఇక్కడ ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఇల్లు పోతుంది. నాకు అప్పటికి రిటైర్మెంట్ దగ్గర పడింది. ఇన్నేళ్లు మచ్చ లేకుండా చేసినవాణ్ణి, ఆఖర్న గెంటించుకుని వెళ్లకూడదనే నా కోరిక. అంత తెలిసీ ఆ హాల్లోకి ఒక విందుతో పాటు ఒక పరిచర్య కూడా మోసుకుని వెళ్లాను.

మంత్రిగారు హాల్లోకి రాకముందు పక్క గదిలో కాసేపు కూర్చున్నారు. వేడినీళ్లు తీసుకుని నేనే వెళ్లాను. లోపల ఆయన బూట్లు విప్పి, కాలు మీద కాలు వేసుకుని పాదం పిసుక్కుంటున్నారు. విందు రోజుల్లో స్టోర్‌రూంలో నేను కూర్చునే తీరు అచ్చం అదే. ముఖంలో రాయి లేదు. రాత్రి నిద్ర చాలని ఒక పెద్దాయన, అంతే. నన్ను చూసి తల పంకించి గ్లాసు అందుకున్నారు. ఇంతలో తలుపు దగ్గర ఎవరో కెమెరాలు సిద్ధమన్నట్టు ఏదో చెప్పారు. ఆయన బూట్లు తొడుక్కున్నారు, కోటు బొత్తాం పెట్టుకున్నారు, లేచి నిలబడ్డారు, ఆ తర్వాత ముఖం తొడుక్కున్నారు. నేను బో టై సరిచేసుకున్నంత మామూలుగా, నా కళ్ల ముందే. అది చూశాకైనా నాకు బుద్ధి రావాల్సింది. ప్రభువు అప్పుడే పని మొదలుపెట్టేశాడు, అదిగో పాదం దాకా వచ్చాడు అనుకున్నాను.

సూపు సమయం వచ్చింది. ముఖ్యుల బల్ల వెనక నా వెయిటర్లు వరసగా నిలబడ్డారు. మంత్రిగారి వెనక నేను. కళ్లు మూసుకున్నాను. ఆ రోజు చేసిన ప్రార్థన ఇప్పటికీ నాకు గుర్తుంది, గుర్తున్నందుకు ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. “ప్రభువా, ఈ రాతి గుండెను పగలగొట్టు. ఇది లోపలికి వెళ్లేటప్పుడు నీవూ లోపలికి వెళ్లు. ఈయన పాత జీవితాన్ని ఈ రోజుతో అంతం చెయ్యి.” ఇలాంటివి ఇంకా చాలా అన్నాను. సంఘమంతా ఉపవాసం ఉన్న ప్రార్థన, రెప్పపాటులో ముగించడానికి నాకు మనసొప్పలేదు. వరసలో ఎవరి చేతిలోనో గిన్నె పళ్లెం మీద గలగలమనడం వినబడింది. అది కూడా ఆత్మ కదలికే అనుకున్నాను.

నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. కళ్లు తెరిస్తే మంత్రిగారి అంగరక్షకుడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. మర్యాదగా, తాళం వేసినట్టు పట్టుకున్నాడు. ప్రధాన అతిథి సూపు మీదికి వంగి, కళ్లు మూసుకుని, గొణుగుతున్న మనిషిని అతను చాలాసేపటి నుంచి చూస్తున్నాడట. నన్నూ నా గిన్నెనూ కలిపి బయటికి నడిపించాడు. బల్ల మీద ఎవరికీ ఏదీ పెట్టలేదు. వెళుతూ వెనక్కి చూశాను. మంత్రిగారు ముందుకే చూస్తూ కూర్చున్నారు, ముఖం కదల్లేదు.

హాలుకీ వంటింటికీ మధ్య గదిలో నన్ను నిలబెట్టారు. అంగరక్షకుడు, తెల్లటి పొడుగు అంగీ, కందూరాలో ఇక్కడి ప్రోటోకాల్ అధికారి, మా హోటల్ సెక్యూరిటీ పెద్ద, పక్కన పాలిపోయిన ముదీర్. సెక్యూరిటీ పెద్ద హిందీ మాట్లాడే మాజీ సైనికుడు. సూపులో ఏం కలిపావని అడిగాడు. ఏమీ కలపలేదు, ప్రార్థన చేశానన్నాను. ఏమని చేశావో చెప్పమన్నాడు. తెలుగులో చేశాను, తెలుగులోనే మొత్తం మళ్లీ చెప్పాను, చేతులెత్తి మరీ. వాళ్ల ముఖాలు ఇంకా బిగుసుకున్నాయి. ఇది అర్థమయ్యేవాడు ఇంకెవడున్నాడని అడిగారు. హాల్లో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. గిన్నెల దగ్గర ఒకడున్నాడని ఎవరో చెప్పారు.

రబ్బరు ఏప్రన్‌తో, తడి గ్లవుజులతో మా కామ్రేడ్‌ని పట్టుకొచ్చారు. మంత్రిని చూపిస్తారనుకున్నాడో ఏమో, గదిలో నన్ను చూసి నీరసపడిపోయాడు.

భయం వేసింది, దాచను. కానీ భయం కింద నుంచి గర్వం కూడా పైకి వచ్చింది. ఇన్నాళ్లు చెప్పిన సింహాల గుహ చివరికి నా దాకా వచ్చింది. ఒక్క ముక్క కూడా మార్చకుండా వీళ్లకి చెప్పమని కామ్రేడ్‌తో అన్నాను. నా ప్రార్థన మూడోసారి వినిపించాను. అతను శ్రద్ధగా విన్నాడు.

“గుండె పలగ్గొట్టు, లోపలికి పో, ఇయ్యాల్టితోని అంతం జెయ్యి. గిదేనా నువ్వు మొక్కింది?”

“ఇదే.”

“సూపు మీద?”

“సూపు మీదే.”

అతను తడి గ్లవుజులు ఏప్రన్‌కి తుడుచుకున్నాడు. ఇంట్లో అతని సంపాదన మీదే అందరూ. అబద్ధం చెప్పి దొరికితే అతనికీ ఖలాసే. ఉన్నదున్నట్టు చెబితే నేనొక్కణ్ణే పోతాను. తర్వాత సెక్యూరిటీ పెద్ద వైపు తిరిగి క్యాంపు హిందీలో అతను చెప్పింది ఇది: ఈ పెద్దమనిషి చల్లగా ఉండాలి, తిన్నది ఒంటికి పట్టాలి, వచ్చిన పని సఫలం కావాలి అంటున్నాడు సాబ్.

ఇంతసేపు మాట్లాడితే అర్థం ఇంతేనా అని సెక్యూరిటీ పెద్ద అడిగాడు. ఇంతే సాబ్, ఈయన దేవుడితో ఇలాగే నసుగుతాడు అన్నాడు మావాడు. ఆ తర్వాత, నేను దేవుణ్ణి నమ్మను సాబ్, కానీ ఈయన రోజూ నా పప్పు మీద కూడా ఇదే పని చేస్తాడు, ఏళ్లుగా తింటున్నాను, నన్ను చూడండి అని గ్లవుజులు తీసి, అక్కడ సాక్ష్యంగా పెట్టిన గిన్నె అందుకుని మంత్రిగారి సూపు గటగటా తాగేశాడు. ఎవరూ ఆపలేకపోయారు. అందరం అతని ముఖమే చూస్తున్నాం. అతను మూతి తుడుచుకుని, ఉప్పు తక్కువైంది అన్నాడు.

అది నేనన్న ప్రార్థన కాదని చెప్పడానికి నోరు తెరిచాను. మీరు నమ్ముతారో లేదో, నిజంగా తెరిచాను. రబ్బరు బూటు నా పాదాన్ని తొక్కింది.

“ఊకో అన్నా. నువ్వన్నది నీ దేవునికి ఇనబడ్డది గద. ఈళ్లకెందుకు?”

ఎన్నో ప్రసంగాలు విన్నాను, చెప్పాను. ఇంత పొట్టి ప్రసంగం మాత్రం వినలేదు. నోరు మూసుకున్నాను.

కొత్త సూపు వెళ్లింది. వేరే కెప్టెన్ తల ఊపాడు. నన్ను మధ్య గదిలోనే ఉండమన్నారు, సూపు తాగినవాణ్ణి కూడా ఉంచారు, ఏమవుతుందో చూడటానికి. ఏమీ కాలేదు, అతనికి ఆకలి పెరిగింది అంతే.

భోజనం అయ్యాక మంత్రిగారిని వంటింటి వైపు నడవాలోంచి బయటికి తీసుకెళ్లారు. పెద్దవాళ్లని అలాగే తీసుకెళతారు. మమ్మల్ని గోడకి ఆనించి నిలబెట్టారు. ఆయన మా ముందు ఆగారు. పక్కనున్న దుభాషి ఒక యువతి. ప్రార్థన చేసింది ఎవరని మంత్రిగారు అడుగుతున్నారని ఇంగ్లీషులో చెప్పింది. ముందుకి వచ్చాను. ఆమె ఇంకా చెప్పింది. మీరు తన ఆరోగ్యం, విజయం కోరారని ఆయనకి చెప్పారట. ఆయన చాలాకాలం దుభాషిగా పనిచేశారు. ఆరోగ్యం కోసం ఎవరూ అంతసేపు కళ్లు మూసుకోరు, అసలు మాట ఏమిటో తెలుసుకోవాలని ఉంది అంటున్నారు.

ముదీర్ నన్ను చూస్తున్నాడు. కామ్రేడ్ నన్ను చూస్తున్నాడు. సింహం మర్యాదగా అడిగితే ఏం చెప్పాలో నేను ఏ బుధవారమూ చెప్పలేదు.

“మీ మనసు మెత్తబడాలని అడిగాను సార్” అన్నాను. పగలగొట్టడం, లోపలికి వెళ్లడం, అంతం చెయ్యడం అన్నీ ఎక్కడ రాలిపోయాయో నాకే తెలియదు. అప్పటికప్పుడు నేనూ దుభాషినైపోయాను.

ఆయన విన్నారు. ముఖం కదల్లేదు. రెండు ముక్కలు ఏదో అన్నారు. ఆమె నవ్వు ఆపుకుంటూ చెప్పింది, రేపు ఆయన ఇంకొక దేశంవాళ్లతో చర్చలకి కూర్చుంటున్నారు, వాళ్ల మనసులకి ఆ అవసరం ఇంకా ఎక్కువ ఉందట, మీకు వీలైతే చూడమంటున్నారు.

తర్వాత ఆయన రబ్బరు ఏప్రన్ వైపు చూశారు. నా ప్రార్థనని తర్జుమా చేసింది ఇతనేనా అని అడిగించి, చెయ్యి చాచారు. మావాడు అరచేయి ప్యాంటుకి రుద్దుకుని రుద్దుకుని అందుకున్నాడు. మంత్రిగారు అతనితో ఒక్క వాక్యం అన్నారు. ఆమె దాన్ని మాకు వినిపించింది: “తర్జుమాలో చాలా వదిలేశావు. మంచి పని చేశావు.”

నడవా చివర తలుపు తెరిచారు, అవతల కెమెరాలు. మర్నాడు పత్రికలో ఆయన ఫోటో వచ్చింది, ఎప్పటి రాయే.

ఆలోచిస్తే ఆయన పనీ నా పనీ ఒకటే అనిపిస్తుంది. ఎవరో వండింది మోసుకెళ్లి, ఒలక్కుండా ఇంకొకరి ముందు పెట్టాలి, దాని రుచి మన ముఖంలో కనబడకూడదు. నేను రాతి గుండె అనుకుని ఉపవాసాలు పెట్టించింది ఆయన యూనిఫాం మీద.

ముదీర్ ఖలాస్ అనలేదు. మంత్రే స్వయంగా మాట్లాడి వెళ్లాక అనడానికి అతనికి కుదరలేదు. నన్ను ముఖ్యుల బల్ల నుంచి తీసేసి పొద్దుటి బఫే దగ్గర వేశాడు. అక్కడ ఎవరి పళ్లెం వాళ్లే పట్టుకుంటారు, నాకు ప్రార్థించడానికి పళ్లెమే లేదు. మిగిలిన నెలలు అక్కడే చేసి, కేకు కోయించుకుని మర్యాదగానే బయటికి వచ్చాను. మంత్రిగారు అప్పగించిన పని కూడా చేశాను, అవతలి దేశంవాళ్ల మనసుల కోసం మోకరించాను. చర్చలు కొనసాగుతాయని వార్త వచ్చింది. కామ్రేడ్ టీ పోస్తూ, “మీ ఆయన గూడ వాయిదా ఏసిండా?” అన్నాడు.

కానీ సంఘానికి అప్పటికే ఇంకో కథ చేరిపోయింది. నా ప్రార్థనకి కమ్యూనిస్టు మంత్రి కరిగిపోయి నడవాలో నిలబడ్డాడట. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. బాగానే తయారై వెళ్లాను. లేచి నిలబడ్డాక ఆ తయారైనదేదీ నోటికి రాలేదు.

“ఆ రోజు నన్ను కాపాడమని నేను ప్రభువుని అడగలేదు” అన్నాను. “ధైర్యంగా పోదామనుకున్నాను. అడగకపోయినా ఆయన ఒక మనిషిని పంపాడు. ఆ మనిషికి దేవుడంటే నమ్మకం లేదు. నా మీద నమ్మకంతో, నేను పెట్టాల్సిన గిన్నె తను తాగాడు.” అంతే చెప్పి కూర్చున్నాను.

ఆమెన్ అనాలో వద్దో తెలియక సంఘమంతా పాస్టరు గారి వైపు చూసింది. ఆయన పాటల పుస్తకం తెరిచి, పాట నంబరు చెప్పారు.